తుపాకుల వారి విరాళం, పక్షుల వారి సంఘం

1886వ సంవత్సరంలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిప్రేమికుడు న్యూయార్కు నగరంలో రెండుసార్లు వ్యాహ్యాళికి బయలుదేరి, దారిలో కనిపించిన స్త్రీల టోపీలను లెక్క పెట్టాడు. మొత్తం 700 టోపీలు కనిపించినవి. వాటిలో 542 టోపీల మీద ఏదో ఒక పక్షి ఈకలో, రెక్కలో, ఒక్కొక్కచోట గడ్డి కూరిన పూర్తి పక్షి శరీరమో అలంకారంగా ఉన్నది. టోపీల మీదనే ఆయన నలభై జాతుల పక్షులను గుర్తుపట్టగలిగాడు. నగరంలో పక్షులను చూడవలెనంటే చెట్ల వంక గాక తలల వంక చూడవలసిన రోజులవి.

ఈ అలంకారాలలో అన్నింటికంటె ప్రియమైనది తెల్లకొంగ తురాయి. మన వరిచేలలో తిరిగే తెల్లకొంగలకు అమెరికా కొంగలు దగ్గరి చుట్టాలే. గూడు కట్టే కాలం రాగానే వీటి వీపు మీద దారపు పోగుల వంటి సన్నని, పొడుగైన ఈకలు మొలుస్తవి. పిల్లలు పెద్దవి కాగానే ఇవి రాలిపోతవి. అందువల్ల తురాయి కావలసినవాడు గూళ్లలో పిల్లలున్న సమయంలోనే పెద్దపక్షిని చంపవలెను. చంపిన తరువాత గూటిలోని పిల్లలు ఆకలికి చచ్చిపోతవి. ఒక్క తూటాకు ఒక్క ప్రాణం కాదు, ఒక సంసారమంతా పోయేది. 1903 ప్రాంతంలో వేటగానికి ఔన్సు తురాయికి 32 డాలర్ల వరకు ముట్టేది. అప్పుడు ఔన్సు బంగారం వెల 20 డాలర్ల 67 సెంట్లు మాత్రమే. బంగారం కంటె ప్రియమైన ఈక చిత్తడినేలలో నిలబడి ఉన్నప్పుడు దానిని కాపాడడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చును. ఈ వర్తకం మన దేశాన్ని కూడా తాకింది. 1902లో భారత ప్రభుత్వం అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించవలసి వచ్చింది.

ఈ వర్తకానికి ఎదురు నిలిచిన సంఘం కథ ఇక్కడ చెప్పదలచినది. పక్షులను కాపాడిన వైనం మాత్రమే అయితే దీనిని ప్రకృతి పాఠాలలో ఎక్కడైనా చదువుకోవచ్చును. ఆ పనికి కావలసిన డబ్బును ఎవరి దగ్గర పుచ్చుకోవచ్చును, ఎవరి దగ్గర కూడదు, ఆ సంగతి ఎవరికి చెప్పవలెను అనే ప్రశ్నల మీద ఆ సంఘం రెండుసార్లు చీలిపోయేంత దాకా వచ్చింది. ఆ భాగం తక్కువ మందికి తెలుసు.

పక్షుల చిత్రకారుడుగా ప్రసిద్ధి పొందిన జాన్ జేమ్స్ ఆడుబాన్ పేరు మీద మొదటి సంఘాన్ని 1886లోనే జార్జి బర్డ్ గ్రిన్నెల్ అనే పత్రికా సంపాదకుడు స్థాపించాడు. పక్షులను చంపబోమని, ఈకలు ధరించబోమని ప్రమాణపత్రం మీద సంతకం చేస్తే చాలు, సభ్యులైనట్లే. చందా లేదు. రెండేళ్లు గడిచేసరికి సుమారు నలభైవేల మంది చేరారు. అంతమందికి ఉత్తరాలు వ్రాయడానికి, పత్రాలు అచ్చువేయడానికి డబ్బు ఎక్కడిది? పత్రిక ఆదాయం చాలక గ్రిన్నెల్ ఆ సంఘాన్ని మూసివేశాడు. జనాదరణ లేక చచ్చిన సంఘాలను మనం చూస్తూనే ఉంటాము. ఇది జనాదరణ ఎక్కువై చచ్చిన సంఘం.

1896లో బోస్టన్ నగరంలో హారియట్ హెమెన్‌వే, మిన్నా హాల్ అనే ఇద్దరు స్త్రీలు తమకు తెలిసిన సంపన్న గృహాల జాబితా ముందు పెట్టుకొని ఒక్కొక్క ఇంటికి వెళ్లి ఈకల టోపీలు మానవలసిందని చెప్పి, సంఘాన్ని మళ్లీ నిలబెట్టారు. ఇతర రాష్ట్రాలలో కూడా ఇటువంటివి వెలిసినవి. ఇవన్నీ కలిసి 1905 జనవరిలో జాతీయ ఆడుబాన్ సంఘాల సమాఖ్యగా రిజిస్టరు అయినవి. మొదటి అధ్యక్షుడు విలియం డచ్చర్. భీమా వ్యాపారం చేసుకుంటూ తీరిక వేళలన్నీ పక్షులకు ధారపోసినవాడు. కార్యదర్శి గిల్బర్ట్ పియర్సన్, ఉత్తర కరొలైనాలో కాలేజి అధ్యాపకుడు. 1906లో ఆల్బర్ట్ విల్‌కాక్స్ అనే దాత చనిపోతూ మూడు లక్షల ముప్ఫైవేల డాలర్లకు పైగా ఈ సంఘానికి వ్రాసి ఇచ్చాడు. దానితో సంఘానికి శాశ్వత నిధి ఏర్పడింది. నూటికి ఐదు వడ్డీ వేసుకున్నా ఏటా పదహారువేల డాలర్ల పైచిలుకు. ఈ అంకెను పాఠకులు గుర్తు పెట్టుకోవలెను, ముందు అవసరం వస్తుంది.

ఆ డబ్బు ఎందుకు ఖర్చు అయ్యేది? ప్రధానంగా కాపలాదార్ల జీతాలకు. చట్టం చేసినంత మాత్రాన చిత్తడిలో కొంగ బ్రతకదు. చట్టాన్ని పట్టుకొని అక్కడ ఒక మనిషి నిలబడవలెను. ఫ్లోరిడా దక్షిణ కొసన ఫ్లెమింగో అనే పల్లెలో గయ్ బ్రాడ్లీ అటువంటి కాపలాదారు. నెలకు 35 డాలర్లు జీతం. కుర్రతనంలో తానే తురాయిల కోసం పక్షులను కొట్టినవాడు గనుక ఆ వేటగాళ్ల జాడలన్నీ తెలిసినవాడు. 1905 జులై 8న పక్షుల దీవి వైపు తుపాకి చప్పుడు విని తన చిన్న పడవలో ఒంటరిగా వెళ్లాడు, తిరిగి రాలేదు. తుపాకి దెబ్బ తిన్న శవం మరునాడు పడవలో కొట్టుకువచ్చింది. కాల్చినవాడు తానే అధికారుల దగ్గరకు వచ్చి, ఆత్మరక్షణకు కాల్చానన్నాడు. జ్యూరీ వానిపై నేరారోపణ అయినా చేయలేదు. బ్రాడ్లీ భార్యాబిడ్డలకు సంఘం చందాలు వసూలు చేసి ఒక ఇల్లు కొని ఇచ్చింది. 1908లో ఫ్లోరిడాలోనే మరొక కాపలాదారు, దక్షిణ కరొలైనాలో ఇంకొకడు చంపబడ్డారు. డబ్బు చాలకపోతే కాపలాదార్లు తగ్గుతారు, కాపలాదార్లు తగ్గితే గూళ్లు పోతవి. కనుక సంఘంలో డబ్బు మాట వచ్చినప్పుడు అది కేవలం లెక్కల పుస్తకం మాటగా ఎవరికీ అనిపించేది కాదు.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ చెప్పవలెను. 1910 నుండి ఈ సంఘం పాఠశాలలలో బాల సంఘాలు ప్రారంభించింది. ఒక్కొక్క విద్యార్థి పది సెంట్లు కట్టితే పక్షుల రంగు బొమ్మలు, వాటిని గురించిన చిన్న పాఠాలు, చొక్కాకు పెట్టుకొనే బిళ్ల ఇచ్చేవారు. పది సెంట్లకు ఇవన్నీ రావు గనుక లోటు దాతలు భర్తీ చేసేవారు. దక్షిణ రాష్ట్రాల పాఠశాలలకు మొదట సహాయం చేసినది శ్రీమతి రస్సెల్ సేజ్. ఆమె భర్త న్యూయార్కులో వడ్డీ వ్యాపారంలోను, రైల్వే వాటాలలోను అపారంగా గడించినవాడు. పిసినారి అనీ, అధిక వడ్డీలు గుంజినవాడనీ పేరుపడ్డవాడు. అయినా ఆ డబ్బు పుచ్చుకోరాదని సంఘంలో ఎవరూ పట్టుబట్టలేదు. వడ్డీవ్యాపారికి కొంగతో పనిలేదు కదా. డబ్బుకు మచ్చ ఉన్నదా లేదా అన్నది వేరు, డబ్బిచ్చినవాని వ్యాపారం సంఘం చేసే పనికి అడ్డు వస్తుందా అన్నది వేరు. ఈ తేడా ఆనాటివారు మాటలలో పెట్టలేదు గాని, మరుసటి సంవత్సరమే దానిని ఎదుర్కోవలసి వచ్చింది.

1910 అక్టోబరులో డచ్చర్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన అధ్యక్షుడనే పేరు మాత్రం ఉండగా సంఘం బరువంతా పియర్సన్ మీద పడింది. 1911 వేసవిలో వించెస్టర్ తుపాకుల కంపెనీ ప్రతినిధి పియర్సన్‌ను కలుసుకొని ఒక ప్రతిపాదన చేశాడు. తమ కంపెనీ, తుపాకులు, తూటాలు చేసే మరికొన్ని కంపెనీలు కలిసి ఏటా 25,000 డాలర్ల చొప్పున ఐదేళ్లపాటు సంఘానికి ఇస్తాము. వేటపక్షుల రక్షణకు దానిని వినియోగించవలెను. కార్యదర్శి జీతం రెట్టింపు చేయవలెనన్న మాట కూడా ఈ ఏర్పాటులో ఉన్నది. విల్‌కాక్స్ నిధి మీద రాగల వడ్డీ పదహారువేలని ఇందాక లెక్క వేసుకున్నాము. చనిపోయిన దాత ఆస్తి అంతా కలిసి తేగలిగినదాని కంటె తుపాకుల వారు ఇవ్వజూపినదే ఎక్కువ. పది సెంట్ల చొప్పున ఆ మొత్తం రావలెనంటే రెండున్నర లక్షల మంది బడిపిల్లలు కావలెను.

తుపాకుల వారికి పక్షుల మీద ఇంత ప్రేమ ఎందుకు? దీనికి రెండు జవాబులున్నవి, రెండూ నిజమే. పక్షులు లేకపోతే తూటాలు కొనేవాడుండడు. అప్పటికి అమెరికాలో కోట్లకొలదిగా ఎగిరిన ప్రయాణికపు పావురాల జాతిలో ఒకే ఒక్క ఆడపక్షి సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మిగిలి ఉన్నది. అది కూడా 1914 సెప్టెంబరు 1న చనిపోయింది. వేటపక్షులన్నీ ఆ దారిన పోతే కంపెనీలు మూసుకోవలసిందే. కాబట్టి పక్షులు పెరగడంలో వారికి యథార్థమైన లాభం ఉన్నది. రెండవది మరొక సంగతి. గుళ్లు మాటిమాటికీ దట్టనక్కరలేకుండా వరసగా పేల్చగల కొత్తరకం తుపాకులు అప్పుడే బజారులో బాగా అమ్ముడవుతున్నవి. ఇటువంటి వాటిని వేటలో నిషేధించవలెనని న్యూయార్కు జంతుప్రదర్శనశాల డైరెక్టరు విలియం హోర్నడే మొదలైనవారు రాష్ట్ర శాసనసభలలో ఆందోళన చేస్తున్నారు. పక్షిరక్షణకు పెట్టింది పేరైన సంఘం తమ డబ్బు మీద నడుస్తున్నదంటే ఆ ఆందోళనకు సగం ఊపిరి పోయినట్లే.

డైరెక్టర్ల సభ మొదట విరాళాన్ని అంగీకరించింది. వారిని మరీ తప్పు పట్టనక్కరలేదు. వారి వాదం ఇది: తురాయి వర్తకులు ఒక శత్రువు, వేటగాళ్లు వేరొక వర్గం, వేటగాళ్లలో మంచివారు చట్టాలకు తోడ్పడుతున్నారు, సంఘాన్ని స్థాపించిన గ్రిన్నెల్ కూడా వేటగాడే, డబ్బు తెల్లగా, బహిరంగంగా వస్తున్నది, దానితో ఎందరు కాపలాదార్లను పెట్టవచ్చునో చూడండి. ఈ వాదంలో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

అయితే సంగతి పత్రికలకెక్కగానే గగ్గోలు బయలుదేరింది. సంఘానికి చందా కట్టేవారు, ఊరూరా పనిచేసే శాఖలు, పక్షిశాస్త్రజ్ఞులు నిరసన తెలిపారు. రేపు శాసనసభలో ఆ తుపాకుల మీద బిల్లు వస్తే సంఘం ఎటు మాట్లాడుతుంది? బిల్లును సమర్థిస్తే దాతకు ద్రోహం, వ్యతిరేకిస్తే పక్షికి ద్రోహం, ఊరకుంటే ఊరకున్నందుకు వెల పుచ్చుకున్నట్లు. సంఘం నిజంగా నిష్పక్షపాతంగానే ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చినా నమ్మేవాడుండడు. కొద్ది రోజులలోనే డైరెక్టర్లు మళ్లీ కూడి విరాళాన్ని తిరస్కరించారు.

ఇక్కడితో కథ ఆగితే బాలల నీతికథకు సరిపోయేది. కాని తిరస్కరించిన డబ్బు ఇంటికి తిరిగి పోలేదు. ఆ కంపెనీలే 1911లోనే అమెరికా వేటజంతువుల రక్షణ సంఘమని వేరొకటి స్థాపించి, జాన్ బర్న్‌హామ్‌ను అధ్యక్షునిగా పెట్టి, ఆ సొమ్ము దానికి ఇచ్చినవి. ఈ సంఘం నామమాత్రపు సంఘం కాదు. వలసపక్షులను కేంద్రప్రభుత్వ రక్షణ క్రిందికి తెచ్చిన 1913 నాటి చట్టానికి, కెనడా తరఫున బ్రిటనుతో 1916లో కుదిరిన వలసపక్షుల ఒడంబడికకు అది గట్టిగా పనిచేసింది. ఆడుబాన్ సంఘం వారు, హోర్నడే కూడా వీటికే పాటుపడ్డారు. తుపాకుల డబ్బు ఇంతమేరకు పక్షులకు మేలే చేసిందని ఒప్పుకోవలసిందే.

అయితే ఆ మేలుకు ఒక గట్టు ఉన్నది. 1920ల నాటికి బాతులు తగ్గిపోతున్నవి గనుక ఒక మనిషి రోజుకు చంపదగిన పక్షుల సంఖ్యను తగ్గించవలెనని హోర్నడే పోరాటం మొదలుపెట్టాడు. తక్కువ పక్షులంటే తక్కువ తూటాలు. బర్న్‌హామ్ సంఘం దీనికి అడ్డు నిలిచింది. పక్షులు పెరగడమూ తూటాల అమ్మకమూ ఒకే దారిన నడిచినంతవరకు ఆ డబ్బు పనిచేసింది. దారి చీలినచోట అది ఎటు మళ్లవలెనో అటు మళ్లింది. 1911లో నిరసన తెలిపినవారికి ఈ భవిష్యత్తు తెలియదు. ఊహించారు, అంతే.

విచిత్రమేమంటే, విరాళం పుచ్చుకోని ఆడుబాన్ సంఘం కూడా ఆ పోరాటంలో హోర్నడే పక్షాన నిలబడలేదు. 1920లో డచ్చర్ మరణించిన తరువాత పియర్సన్ అధ్యక్షుడయ్యాడు. ఆయన సమర్థుడు. శాసనసభ్యులతో, వేటగాళ్లతో, ధనికులతో, అధికార్లతో అందరితోను కలుపుగోలుగా ఉండి పని సాధించుకొనేవాడు. 1922లో లండనులో అంతర్జాతీయ పక్షిరక్షణ సమితి ఏర్పడడానికి ముఖ్యకారకుడు ఆయనే. ఆ సమితి నేడు వేరొక పేరుతో ప్రపంచమంతటా పనిచేస్తున్నది. కాని ఎవరినీ నొప్పించకుండా నడిచే అలవాటు ముదిరితే ఏమవుతుందో ఆయన చివరి పదేళ్లలో కనిపిస్తుంది. అలాస్కాలో 1917 నుండి గద్దను చంపి తెచ్చినవారికి ప్రభుత్వం బహుమానం ఇచ్చేది. 1953లో అది రద్దయ్యేలోగా లక్షకు పైగా బట్టతల గద్దలు, అంటే ఆ దేశపు రాజచిహ్నమైన పక్షులే, చంపబడినవి. దీని మీద సంఘం చేయవలసినంత రభస చేయలేదని విమర్శ వచ్చింది.

మరొక వ్యవహారం లుయీసియానా రాష్ట్రంలో జరిగింది. పాల్ రెయినీ అనే ధనికుడు 1923లో మరణించగా, ఆయన జ్ఞాపకార్థం సోదరి గ్రేస్ రెయినీ రోజర్స్ సముద్రతీరాన 26,000 ఎకరాల చిత్తడినేలను పక్షుల శరణాలయంగా 1924లో ఆడుబాన్ సంఘానికి ఇచ్చింది. శీతకాలంలో ఉత్తరాది నుండి వచ్చే పెద్దబాతులకు అది విడిది. ఆ నేలలోనే మస్క్‌రాట్ అనే నీటి ఎలుకలు కూడా వేలకు వేలుగా ఉంటవి. దీని మెత్తని తోలుకు ఉన్ని దుస్తుల బజారులో మంచి ధర. సంఘం ఆ ఎలుకలను పట్టడానికి మనుషులను పెట్టి, తోళ్ల అమ్మకంలో వాటా తీసుకొన్నది. పట్టేది కాలును కరచుకొని పట్టే ఇనుప ఉచ్చులతో. అందులో పడిన జంతువు గంటల తరబడి గిలగిల కొట్టుకొంటుంది. ఎలుకకని పెట్టిన ఉచ్చులో ఒక్కొక్కప్పుడు పక్షి కూడా పడుతుంది.

పియర్సన్ సమాధానంలో శాస్త్రం లేకపోలేదు. ఈ ఎలుకలు మితిమీరి పెరిగితే చిత్తడిలోని గడ్డిని వేళ్లతో సహా తినివేసి నేలను బోడి చేస్తవి. అప్పుడు బాతులకు మేత ఉండదు. ఇది నేటి శాస్త్రజ్ఞులు కూడా ఒప్పుకొనే విషయమే. పైగా ఆ రాబడితో ఇతర శరణాలయాల కాపలాదార్లకు జీతాలు వస్తున్నవి. మరి దోషమెక్కడ? శరణాలయమని పేరు చెప్పి చందాలు అడిగినప్పుడు, ఆ శరణాలయంలో ఉచ్చులు పెట్టి తోళ్లు అమ్ముతున్నామని అదే నోటితో చెప్పలేదు. ఎలుకలను తగ్గించడం నేల కోసమా, ఆదాయం కోసమా అన్నది సంవత్సరాలు గడిచేకొద్దీ సంఘంవారికే స్పష్టంగా తెలియకుండా పోయిందని నా అభిప్రాయం. రాబడి రుచి చూసిన తరువాత ఎన్ని ఎలుకలుంటే మితిమీరినట్లో నిర్ణయించడం కష్టమే.

1929లో వాల్డ్రన్ మిల్లర్, విల్లర్డ్ వాన్ నేమ్, డేవిస్ క్విన్ అనే ముగ్గురు కలిసి సంఘం ఉదాసీనతను విమర్శిస్తూ ఒక కరపత్రం అచ్చువేశారు. మొదటి ఇద్దరూ న్యూయార్కు ప్రకృతిచరిత్ర మ్యూజియంలో శాస్త్రజ్ఞులు. ఆ మ్యూజియం పెద్దలకూ, ఆడుబాన్ సంఘం పెద్దలకూ దగ్గరి సంబంధాలుండేవి. ఇకపై తమ అనుమతి లేకుండా ఏదీ ప్రచురించరాదని మ్యూజియం వాన్ నేమ్‌ను ఆజ్ఞాపించింది. ఆ కరపత్రం ప్రతి ఒకటి పారిస్ నగరంలో ఒక హోటలులో దిగి ఉన్న రోజలీ ఎడ్జి అనే న్యూయార్కు స్త్రీ చేతికి వచ్చింది. ఆమె వయస్సు అప్పటికి 51. స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో కరపత్రాలు వ్రాసి, సభలలో మాట్లాడి ఆరితేరినది. ఆడుబాన్ సంఘంలో జీవితసభ్యురాలు.

1929 అక్టోబరు 29న సంఘం వార్షిక సమావేశం ఆ మ్యూజియంలోనే జరిగింది. న్యూయార్కు వాటాల బజారు కుప్పకూలిన రోజు అదే. సామాన్యంగా ఈ సమావేశాలకు బయటి సభ్యులెవరూ వచ్చేవారు కారు. కరపత్రానికి జవాబివ్వకపోవడమే గౌరవమని వేదిక మీదివారు చెప్పుకొంటూ ఉండగా ఎడ్జి లేచి, అందులోని ఆరోపణలు నిజమా కాదా అని అడిగింది. ఒకదాని తరువాత ఒకటిగా ప్రశ్నలు వేసింది. చివరకు పియర్సన్, ఆమె వల్ల సమయమంతా పోయిందనీ, చూపించవలసిన చలనచిత్రం చూపించడానికి వీలులేకపోయిందనీ, భోజనం చల్లారిపోతున్నదనీ అన్నాడట. ఈ మాట ఆమె స్వయంగా వ్రాసుకొన్నదే. పెద్దల కోపం ఒక్కొక్కప్పుడు ఇంత చిన్న విషయాల రూపంలో బయటపడుతుంది.

ఆమె అంతటితో ఊరుకోలేదు. వాన్ నేమ్ వ్రాయగా, తన పేరుతో కరపత్రాలు అచ్చువేసింది. మ్యూజియం ఆజ్ఞ ఆమెకు వర్తించదు కదా. సంఘం సభ్యులందరికీ పంపుదామంటే వారి చిరునామాలు కావలెను. సంఘం ఇవ్వనన్నది. 1931లో ఆమె కోర్టుకు వెళ్లింది. సంఘం తరఫు వకీలు ఆమెను గయ్యాళి అన్నాడు. న్యాయస్థానం మాత్రం సుమారు పదకొండువేల మంది సభ్యుల జాబితాను ఆమెకు ఇవ్వవలసిందేనని తీర్పు చెప్పింది. చందా కట్టినవారికి తమ సంఘం ఏమి చేస్తున్నదో తెలిసికొనే హక్కు ఉన్నదన్నమాట. ఆ తరువాత రెయినీ శరణాలయంలోని ఇనుప ఉచ్చుల సంగతి పోస్టులో ఇంటింటికీ చేరింది.

ఫలితం తీవ్రంగానే ఉన్నది. కొద్ది సంవత్సరాలలో సభ్యుల సంఖ్య సగానికంటె తక్కువకు పడిపోయింది. అందులో ఆర్థిక మాంద్యం పాలెంతో, ఉచ్చుల పాలెంతో విడదీసి చెప్పడం కుదరదు. ఎలుకతోళ్ల వల్ల వచ్చిన రాబడి, పోయిన చందాలు, వీటిలో ఏది ఎక్కువో లెక్క చూస్తే సంఘం పెద్దలకే భయం వేసి ఉంటుంది. 1934లో పియర్సన్ రాజీనామా ఇచ్చాడు. ఆయన స్థానంలో కార్యనిర్వహణకు వచ్చిన జాన్ బేకర్ కాలంలో శరణాలయంలో ఉచ్చులు ఆగిపోయినవి.

అదే సంవత్సరం ఎడ్జి స్వయంగా ఒక శరణాలయానికి యజమానురాలయింది. పెన్సిల్వేనియాలో ఒక కొండ మీదుగా శరత్కాలంలో వేలాది డేగలు, గద్దలు దక్షిణానికి ప్రయాణిస్తవి. సెలవు రోజులలో వందలమంది తుపాకులతో ఆ కొండ ఎక్కి వాటిని సరదాకు కొట్టేవారు. రిచర్డ్ పౌ అనే యువకుడు 1932లో అక్కడ చచ్చిన డేగలను వరుసగా పేర్చి ఫొటోలు తీశాడు. ఆడుబాన్ సంఘం ఆ కొండను కొనవలెననుకొన్నది గాని కొనలేదు. ఎడ్జి వాన్ నేమ్ దగ్గర 500 డాలర్లు అప్పు తెచ్చి, సుమారు 1400 ఎకరాలు తరువాత కొనుక్కొనే హక్కుతో కౌలుకు తీసుకొని, మారిస్ బ్రౌన్ దంపతులను కాపలా పెట్టింది. తుపాకి కంపెనీ లేదు, ఎలుకతోలు లేదు. చిన్న చిన్న చందాలతో కొండ నడిచింది. కాపలాతో పాటు బ్రౌన్ ప్రతి శరత్తులోను పక్షులను లెక్క పెట్టాడు. 1935 నుండి 1939 వరకు కనిపించిన బట్టతల గద్దలలో నూటికి నలభై పిల్లగద్దలు. 1955 నుండి 1959 వరకు నూటికి ఇరవై మాత్రమే. పెద్దవి తిరుగుతున్నవి గాని పిల్లలు పుట్టడం లేదన్నమాట. డి.డి.టి. వంటి పురుగుమందుల దుష్ఫలితాలను 1962లో రేచల్ కార్సన్ తన గ్రంథంలో చాటినప్పుడు ఈ కొండ మీది అంకెలను సాక్ష్యంగా ఉపయోగించింది. ఆ సంవత్సరం నవంబరులోనే, తాను మరణించడానికి కొద్ది రోజుల ముందు, ఎడ్జి టెక్సాస్‌లో జరిగిన ఆడుబాన్ వార్షిక సమావేశానికి వెళ్లింది. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంతకూ రెయినీ శరణాలయం డబ్బు తేవడం మానలేదు. ఆ చిత్తడి క్రింద సహజవాయువు ఉన్నది. 1950ల నుండి సంఘం అక్కడ బావులు త్రవ్వడానికి కంపెనీలకు అనుమతి ఇచ్చింది. పక్షులకు ఇబ్బంది కలిగే కాలంలో పనులు ఆపవలెననీ, నేలను పాడుచేయరాదనీ కఠినమైన షరతులు పెట్టి, వాటిని అమలు జరిపింది. మొత్తం మీద రెండున్నర కోట్ల డాలర్లకు పైగా రాబడి వచ్చింది. ఇతరుల భూములలో త్రవ్వకాలను ఎదిరిస్తూ తన భూమిలో త్రవ్వుకోవడమేమిటని 1980లలో కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఎత్తిపొడిచారు. నేల తనదైనప్పుడు షరతులు విధించే శక్తి కూడా తనదే కదా అని సంఘాన్ని సమర్థించినవారూ ఉన్నారు. ఈ రెండు మాటలలో ఏది బరువైనదో తరగతిలో పిల్లల చేత వాదింపజేస్తే మంచి చర్చ అవుతుంది. ఉచ్చుల నాటికీ బావుల నాటికీ ఒక తేడా మాత్రం స్పష్టం: షరతులు కాగితం మీద ఉన్నవి, వాటిని చూపించి తప్పు పట్టడానికి బయటివారికి వీలు ఉన్నది.

1999లో ఆ బావుల నుండి వాయువు తీయడం ఆగిపోయింది. శరణాలయం నేటికీ ఆ సంఘం చేతిలోనే ఉన్నది. సముద్రం ఆ చిత్తడిని కొద్దికొద్దిగా కోసుకొంటున్నది. చిన్న యంత్రంతో అడుగు బురదను తోడి గట్టులు పోసి, గడ్డి మళ్లీ మొలిచేటట్లు చేయడానికి సంఘంవారు ప్రయత్నిస్తున్నారు.